పాలిష్ పెట్టిన గుర్రం

మా బావను ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే జవాబు ఎప్పుడూ రెండు ముక్కలుగా వచ్చేది. "ఫర్నిచర్ వర్క్‌షాపులో పాలిష్ పెడతాను. వడ్రంగిని కాదు."

ఆ రెండో ముక్క ఎవరూ అడిగింది కాదు. బస్సులో పక్క సీటు మనిషికి ఆయన వడ్రంగి అయినా కాకపోయినా ఒకటే. ఒకసారి ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి వయసూ వృత్తీ అడిగి రాసుకుంటుంటే, బావ కిటికీలోకి తల దూర్చి "వడ్రంగి అని రాయలేదు కదమ్మా?" అన్నాడు. ఆ పిల్ల పెన్ను ఆపి, జబ్బు తలకేమో అన్నట్టు చూసింది. అక్క మొహం గోడకేసి తిప్పుకుంది.

ఆ రెండో ముక్క వెనక కథ తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను.

మా నాన్న వడ్రంగి. కొడుకులు లేరు, అక్కా నేనూ. తన తర్వాత పనిముట్లు ఎవరి చేతికి వెళ్తాయన్నదే ఆయనకున్న ఒకే ఒక్క బెంగ. నాకు రంపం పట్టడం నేర్పుదామని చూశాడు కానీ, నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే లేచే రకం కాదు. అక్కకు చెక్కపొడి పడదు, తుమ్ములు. దాంతో "పెద్దదాన్ని వడ్రంగికే ఇస్తాను" అని కూర్చున్నాడు.

సంబంధం తెచ్చిన దూరపు చుట్టం "కుర్రాడు ఫర్నిచర్ పనిలో ఉన్నాడు, చెయ్యి చాలా మంచిది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బావ మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, గోళ్ళ సందుల్లో గోధుమరంగు మరకలు చూసి "పని చేసే చెయ్యే" అన్నాడు. తర్వాత చెక్కల గురించి కబుర్లు పడ్డాయి. బావకు చెక్కలన్నీ తెలుసు. దేని ఒళ్ళు గట్టిది, దేనికి చారలెక్కువ, ఏది నూనె తాగుతుంది, ఏది ఎంత రుద్దినా మెరవదు, అన్నీ గడగడా చెప్పేశాడు. నాన్న మొహం వెలిగిపోయింది. నువ్వు వడ్రంగివేనా అని ఆ పూట ఎవరూ అడగలేదు, కాదని ఆయనా చెప్పలేదు.

పెళ్ళయిన మర్నాడు నాన్న తన చిత్రికను తుడిచి తెచ్చి బావ చేతిలో పెట్టాడు. చెక్కను నున్నగా తీసే ఆ పనిముట్టు మా తాతది. పట్టుకునే చోట రెండు తరాల అరచేతులు గుంట చేశాయి. "నా చేతిలో ఎంత ఆడిందో నీ చేతిలోనూ అంత ఆడాలి" అన్నాడు.

"నోరు తెరవాల్సింది దానికి ముందే మరదలా," అన్నాడు బావ చాలా ఏళ్ళ తర్వాత. "అది చేతిలో పడ్డాక ఇంకేం తెరుస్తాను?"

చిత్రిక ఒక మెత్తటి గుడ్డలో చుట్టుకుని ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది. ప్రతి ఆదివారం బావ దాన్ని బయటికి తీసి, నూనె రాసి, మళ్ళీ చుట్టి లోపల పెట్టేవాడు. అక్క అది చూసి పొంగిపోయేది. "ఆయనకి పనిముట్టంటే ఎంత గౌరవమో! వర్క్‌షాపుకి కూడా తీసుకెళ్ళరు, ఎవరైనా ముట్టుకుంటారని."

కళ్ళు మసకబారాక నాన్న కొట్టు మూసేశాడు. అక్క మమ్మల్నిద్దరినీ తన దగ్గరికి తెచ్చుకుంది. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరట్లో కుళాయి, బట్టలుతికే రాయి, గోడవారగా నీళ్ళ డ్రమ్ము, బాగా ముదిరిన నీడచెట్టు ఒకటి. నాన్నకు ఎదుటి మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు.

భోజనాల దగ్గర రోజూ ఒకే ప్రశ్న.

"ఈ రోజు ఏం చేశావు అల్లుడూ?"

"బీరువా ఒకటి పూర్తయింది మామయ్యా."

"తలుపు సరిగ్గా పడిందా?"

"పడిందండీ."

"ఒకసారి మీ వర్క్‌షాపుకి తీసుకెళ్ళవయ్యా. చూడలేకపోతే చెవులతోనైనా వింటాను."

"మా ఓనరు బయటివాళ్ళని రానివ్వడు మామయ్యా. మహా చండశాసనుడు."

ఆ ఓనరు ఒకసారి దారిలో కనిపిస్తే, పాపం, నాకు దండం పెట్టి, ఎప్పుడైనా రండమ్మా అన్నాడు. నేనా మాట ఇంట్లో అనలేదు. అందులో పెద్ద విషయముందని నాకప్పుడు తోచలేదు.

ఇలా ఇంకెన్నేళ్ళయినా గడిచిపోయేదేమో. కానీ గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే నీడచెట్టు పెద్దకొమ్మ ఒకటి పెరట్లో అడ్డంగా పడి ఉంది. అక్క బట్టల తీగ తెగిందని మొత్తుకుంటుంటే, నాన్న ఆ కొమ్మ పక్కన గొంతుక్కూర్చుని దాన్ని నిమురుతున్నాడు.

"మంచి ఒళ్ళు," అన్నాడు. "ముందు నాకో గుర్రం కావాలి."

గుర్రమంటే వడ్రంగులు చెక్క కోసుకునే ఆసరా. మోకాలికి కాస్త పైదాకా వచ్చే మొద్దు, దానికి ఏటవాలుగా దిగేసిన నాలుగు కాళ్ళు. కోయాల్సిన కర్రను దాని మీద పెట్టి, మోకాలితో అదిమి, రంపం ఆడిస్తారు. నాన్న పాత గుర్రం కొట్టుతోపాటే పోయింది.

"గుర్రమెక్కి ఎక్కడికి నాన్నా?" అన్నాను.

"ఎంతో దూరం కాదులే, వంటింటిదాకా. మీ అక్క నడుం పట్టుకుని కూరలు తరుగుతోంది. కూర్చుని చేసుకునే బల్ల ఒకటి చేసిపెడతాను. కొయ్యడానికీ చెక్కడానికీ నాకు చేతులు చాలు. గుర్రానికి మాత్రం కళ్ళు కావాలి. కాళ్ళు వంకర పోకుండా చూసుకోవాలి కదా." తల బావ వైపు తిప్పాడు. "ఆ కళ్ళు మా అల్లుడివి. ఇన్నేళ్ళయింది, నీ పని ఒక్కటీ నా చేతికి తగల్లేదయ్యా. నాకో గుర్రం చేసిపెట్టు."

పక్కింటి పిన్ని గోడ మీంచి చూస్తూ "అడగక అడగక అడిగారు, అల్లుడు కాదంటాడా?" అంది. అక్క అప్పటికే "ఆదివారం చేసేస్తారు నాన్నా" అని మాటిచ్చేసింది. బావ మాత్రం చెట్టుకు ఇంకా వేలాడుతున్న ఒక చిన్న కొమ్మ వైపు చూస్తున్నాడు, అది తన మీద పడితే బాగుండునన్నట్టు.

మొద్దు పని సాఫీగానే జరిగింది. కొమ్మలో లావుగా ఉన్న భాగాన్ని నాన్నే చెప్పి కోయించాడు. బెజ్జాలు వేసేటప్పుడు వెనక నిలబడి బావ మణికట్టు పట్టుకుని "ఇటు వంచు, ఇంకొంచెం, ఊఁ, ఇప్పుడు తిప్పు" అంటూ బర్మా తిప్పించాడు. పచ్చి చెక్క తడితడిగా చుట్టలు చుట్టుకుంటూ బయటికొచ్చింది. తర్వాత కాళ్ళ సంగతి చెప్పాడు.

"ఒళ్ళు పచ్చిదైనా పర్లేదు, పచ్చిదే మంచిది కూడా. కాళ్ళు మాత్రం ఎండినవి కావాలి. పచ్చి ఒళ్ళు ఎండుతూ ఎండుతూ బిగుసుకుని కాలిని పట్టేసుకుంటుంది, ఇక ఏనుగొచ్చి లాగినా రాదు. అదే కాలు పచ్చిదనుకో, కాలే సన్నబడిపోయి బెజ్జంలో గిలక్కాయలా ఆడుతుంది. మీ వర్క్‌షాపులో ఇవన్నీ ఎండబెట్టిన చెక్కలే కనక నీకు అలవాటుండదని చెప్తున్నాను, అంతే."

"తెలుసు మామయ్యా," అన్నాడు బావ.

నాన్న కొట్టు మూసేటప్పుడు తెచ్చుకున్న కర్రలు కొన్ని అటక మీద ఉన్నాయి. వాటిని దింపించి ఒక్కొక్కటే చెంపకు ఆనించి చూశాడు. చెక్కలో తడి ఉందో లేదో నాన్న ఎప్పుడూ అలాగే చూసేవాడు. పచ్చి కర్ర చెంపకు చల్లగా తగులుతుందట, ఎండింది తగలదట. మా చిన్నప్పుడు మాకు జ్వరమొచ్చినా నుదుటి మీద చెయ్యి పెట్టేవాడు కాదు, చెంప ఆనించేవాడు. అటక మీది కర్రల్లో ముప్పావు వంతు పురుగు పట్టి పొడిపొడిగా ఉన్నాయి. గట్టివి సరిగ్గా నాలుగే దొరికాయి. "ఇవి నీ కాళ్ళు," అని బావకు అందించాడు.

ఆ ఆదివారం అక్కా నేనూ నాన్నను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇంట్లో బావ ఒక్కడే. ఆ పూట జరిగింది ఆయన తర్వాత చెప్పగా తెలిసిందే.

కాలి కొనను బెజ్జానికి సరిపడా గుండ్రంగా చెక్కాలి. మొదటి రెండు కాళ్ళూ ఎలాగో చెక్కి దిగ్గొట్టాడు. మూడోదాని దగ్గర ఉలి లోతుకు పోయింది. కొన సన్నబడి బెజ్జంలో వదులైంది. ఆ కొన కోసేసి మళ్ళీ చెక్కాడు, మళ్ళీ పోయింది. ఇంకోసారి కోసేసరికి కాలు పొట్టిదైపోయింది. నాలుగోదానికీ అదే గతి. ఎండిన కర్రలు ఇక లేవు. మేం వచ్చే వేళవుతోంది. కొమ్మ అక్కడే పడి ఉంది.

అందులోంచి రెండు పచ్చి కర్రలు కోశాడు. ఉలి పెడితే దోసకాయ తరిగినట్టు తెగిందట. కొన గుండ్రంగా వచ్చింది, దెబ్బ వేస్తే బెజ్జంలో బిగుతుగా కూర్చుంది. "నీకు చెప్తే నవ్వుతావు మరదలా, ఆ కాసేపూ నాకు గర్వమే అనిపించింది. వడ్రంగం ఇంతే కదా, నాకూ వచ్చేసిందే అనుకున్నాను."

కానీ రెండు కాళ్ళు పాతబడి గోధుమరంగు, రెండు కాళ్ళు తెల్లగా కొత్తవి. అక్క కంటికి ఆనకుండా ఉండవు. అప్పుడు ఆయన తనకొచ్చిన పని చేశాడు. సంచిలోంచి రంగూ లక్కా స్పిరిట్టూ తీశాడు. చవక చెక్కను ఖరీదైన చెక్కలా, కొత్తదాన్ని తాతలనాటిదానిలా కనబడేట్టు చెయ్యడంలో ఆయన్ని మించినవాడు ఆ వర్క్‌షాపులో లేడు. గుడ్డ ఉండతో పూత మీద పూత వేశాడు. పాడైన రెండు కాళ్ళనూ నీళ్ళ డ్రమ్ము వెనక, గోడకూ డ్రమ్ముకూ మధ్య సందులో నిలబెట్టాడు.

మేం గుమ్మంలో అడుగుపెడుతుండగానే నాన్న ముక్కు ఎగబీల్చాడు. "ఇదేం వాసన?"

పెరట్లో గుర్రం ఎండలో ధగధగా మెరుస్తోంది. పక్కింటి పిన్ని గోడ మీద చేతులు పెట్టుకుని అప్పటికే చూస్తోంది. "మీ ఇంట్లో డైనింగ్ టేబుల్ కూడా ఇంత మెరవదే అమ్మాయ్!"

నాన్న చేత్తో తడిమి పకపకా నవ్వాడు. "గుర్రానికి పాలిష్ ఏమిటయ్యా! దీన్ని ఊరేగింపుకు తీసుకెళ్తావా?" వంగి ఒక కాలికి చెంప ఆనించాడు. బావ ఊపిరి బిగబట్టాడని నాకప్పుడు తెలీదు. లక్క పూత ఏ చెక్క మీదున్నా చల్లగానే తగులుతుంది. నాన్న చెంప తుడుచుకుని, గుర్రం మీద ఒళ్ళంతా బరువేసి కూర్చుని, ఇటూ అటూ ఊగి చూశాడు. కిర్రుమనలేదు.

"ఇప్పుడు నా ప్రాణం హాయిగా ఉంది," అన్నాడు. "మా నాన్న చిత్రిక ఎక్కడికో పోలేదు."

ఆ రాత్రి బావ భోజనం సరిగ్గా చెయ్యలేదు. అక్క దిష్టి తగిలిందని పక్కింటి పిన్నిని ఆడిపోసుకుంది.

నాన్న కొమ్మను పలకలుగా కోయించి నీడలో ఆరబెట్టించి, ఈలోగా బయటినుంచి తెప్పించిన పాత బల్లచెక్క ఒకటి పట్టుకుని పని మొదలెట్టాడు. రోజుకు కొంచెమే. రంపం చప్పుడు తెగితెగి వినిపిస్తుండేది. ఇంట్లో వాతావరణమే మారిపోయింది. నాన్న కూనిరాగాలు తీస్తున్నాడు.

బావ మాత్రం మాకంటే ముందే లేవడం మొదలెట్టాడు. పళ్ళు తోముకునే వంకన పెరట్లోకి వెళ్ళి గుర్రం కాళ్ళు కదిపి చూసేవాడు. ఒక కాలు వెంట్రుకవాసి కదిలింది. సన్నటి చెక్కపేడు ఒకటి సందులో దిగ్గొట్టి, దాని మీద పాలిష్ పూశాడు. కొన్నాళ్ళకు అది మళ్ళీ కదిలింది. ఇంకో పేడు, ఇంకో పూత. ప్రతి ఉదయం "ఈ రోజు చెప్పేస్తాను" అనుకునేవాడట. అంతలో నాన్న లోపలినుంచి "అల్లుడూ, నీ గుర్రం బంగారమయ్యా!" అని అరిచేవాడు. బావ మొహం కడుక్కుని లోపలికి వచ్చేసేవాడు.

ఒక మధ్యాహ్నం రంపం చప్పుడు ఆగిపోయింది. తర్వాత దబ్బుమని శబ్దం. నేను పుస్తకం పారేసి పరుగెత్తాను. గుర్రం ఒక పక్కకు ఒరిగి ఉంది, నాన్న నేల మీద ఉన్నాడు. మణికట్టు బెణికింది, గచ్చుకు తగిలి చెంప గీరుకుపోయింది. లేవదీయబోతే వద్దని చేత్తో ఆపాడు. ఊడివచ్చిన కాలిని వెతికి పట్టుకుని, దాని కొనను బెజ్జంలో పెట్టి తిప్పి చూశాడు. వదులుగా తిరిగింది. రెండోసారి, మూడోసారి తిప్పాడు.

"ఇది పచ్చి కర్ర," అన్నాడు మెల్లగా. "పచ్చిదాన్ని ఎండిందనుకుని ఇచ్చాను."

"పోనీలే నాన్నా, ఏదో ఒకటి..."

"నువ్వు ఊరుకో. నీకు తెలీదు."

సాయంత్రం బావ వచ్చేసరికి నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెంప మీద మందు, చేతికి కట్టు. అక్క జరిగింది చెప్పబోతుంటే ఆపి, ఆయనే లేచి నిలబడ్డాడు.

"అల్లుడూ, తప్పు నాది. చెంప చెప్పింది నమ్మాను, చెంపా చేతులూ మొద్దుబారాయని తెలుసుకోలేదు. బంగారం లాంటి పనికి పచ్చి కాళ్ళిచ్చి నీకు మచ్చ తెచ్చాను. ఏమనుకోకు."

మామగారు అల్లుడి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. బావ మొహంలో రక్తం చుక్క లేదు. దెబ్బ చూసి కంగారుపడ్డాడనుకున్నాం.

"పోనివ్వండి మామయ్యా. ఎవరికైనా జరుగుతుంది."

ఈ మాట నాకు చెప్పేటప్పుడు బావకు అరవై దాటాయి. అయినా తల ఎత్తలేదు. "మిగతావన్నీ భయంతో చేశాను. కానీ ఆయన్ని క్షమించాను చూడు! నేను, ఆయన్ని!"

మర్నాడు నాన్న రంపాన్ని వీధి చివర కొట్టున్న వడ్రంగికి పంపించేశాడు. సగం కోసిన బల్లచెక్క గోడకు ఆనుకుని ఉండిపోయింది. కూనిరాగాలు పోయాయి. దేన్నీ నమ్మడం మానేశాడు. టీ గ్లాసు చేతికిస్తే "వేడిగా ఉందా?" అని మమ్మల్నే అడిగేవాడు. తన చేతిలో ఉన్నది ఉన్ని శాలువానా, మామూలు దుప్పటా అని అక్కను అడిగేవాడు. భోజనాల దగ్గర మాత్రం ఆ ప్రశ్న మానలేదు. "ఈ రోజు ఏం చేశావు అల్లుడూ?" గొంతులో కొత్తగా ఒక మర్యాద చేరింది, పై అధికారిని అడిగినట్టు. బావ వర్క్‌షాపు నుంచి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు.

అక్క డాక్టర్లను మార్చింది. అందరూ ఏ జబ్బూ లేదనే అన్నారు.

ఒక ఆదివారం పొద్దున బావ పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. నాన్న తీగ మీదున్న చొక్కా తీసి, అలవాటుగా చెంప దాకా తెచ్చి, ఆపేశాడు. చొక్కాను దూరంగా పట్టుకుని అటు తిరిగాడు.

"ఎవరది, అల్లుడా? ఇది ఆరిందో లేదో కాస్త చూసి చెప్తావా?"

నేను మెట్ల మీదే ఉన్నాను. బావ మొహం మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చొక్కా అందుకోలేదు. నేరుగా నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, వెనక సందులో చెయ్యి పెట్టి, బూజు పట్టిన రెండు కర్రలు లాగాడు. వచ్చి వాటిని నాన్న చేతుల్లో పెట్టాడు.

"ఏమిటివి?"

నాన్న కర్రను తడిమాడు. జంకుతూ చెంపకు ఆనించాడు. అలాగే చాలాసేపు ఉంచాడు.

"ఇది... ఎండిందే. కాదూ?"

"ఎండిందే మామయ్యా."

"ఇది నేనిచ్చిందే."

"మీరిచ్చిందే. రెండూ."

నాన్న బొటనవేలు కర్ర కొసకు వెళ్ళి ఆగింది. "ఎవరు కొరికారయ్యా దీన్ని? ఎలకా?"

"నేనే. పాడుచేసి దాచేశాను. పచ్చివి రెండు పెట్టి పాలిష్ పూశాను. మీ చెంపకీ చేతులకీ ఏం కాలేదు."

అంతా ఒక్క గుక్కలో చెప్పి, తలుపు దగ్గర అక్క నిలబడి ఉండటం చూసి, మిగిలింది కూడా చెప్పేశాడు. "నేను వడ్రంగిని కాదు మామయ్యా. ఎప్పుడూ కాను. పాలిష్ పెడతాను."

నాన్న రెండో కర్రను కూడా చెంపకు ఆనించుకున్నాడు. తర్వాత చొక్కాను. "తడిగానే ఉంది," అని మళ్ళీ తీగ మీద వేశాడు. ముడతలు పోయేదాకా దాన్ని లాగి లాగి సరిచేశాడు. అది కోపమో సంతోషమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆ చిత్రిక తీసుకురా," అన్నాడు.

బావ లోపలికి వెళ్ళి గుడ్డ మూటతో వచ్చాడు. నాన్న మూట విప్పి, పనిముట్టును తిరగేసి, బొటనవేలితో ఇనుప బిళ్ళ అంచును అడ్డంగా తాకాడు. పెళ్ళి మర్నాడు తను సానపట్టి ఇచ్చిన పదును అలాగే ఉంది.

"ఒక్కసారి కూడా ఆడించలేదా?"

"భయం వేసింది మామయ్యా."

నాన్న చిత్రికను మళ్ళీ గుడ్డలో చుట్టి తన చంకలో పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బావకు కాస్త తేలికయ్యేదేమో. తిట్టే పని అక్క చేసింది.

"మీరు పాలిష్ పెడితే నాకేం, రంపం లాగితే నాకేం! ఆ మాట ఎప్పుడు చెప్పినా అన్నం పెట్టకపోదునా? మా నాన్న ఇన్నాళ్ళు టీ వేడిగా ఉందా అని నన్నడిగాడండీ! పక్కనే కూర్చుని విన్నారు. విని ముద్ద ఎలా దిగింది మీకు?"

"దిగలేదు," అన్నాడు బావ.

"దిగలేదుట! కంచం కడిగింది నేను కాదూ?"

ఆ రోజంతా నాన్న ఇంట్లో తిరిగి చెక్క అన్నదాన్నల్లా చెంపకు ఆనించాడు. తలుపు, కుర్చీ చెయ్యి, చీపురు కర్ర, నా పుస్తకాల అలమారు. "ఇది బాగా ఎండింది. ఇది వానకి నీళ్ళు తాగింది." అక్క వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. బావ ఉతికే రాయి మీద కూర్చుని, తనను ఎవరూ కలుపుకోని ఆ సంతోషాన్ని దూరంనుంచి చూశాడు.

రంపం తిరిగొచ్చింది. నాన్న గుర్రాన్ని మళ్ళీ నిలబెట్టాడు. పాడైన కాళ్ళ కొనలను తన చేత్తో తిరిగి చెక్కాడు, కానీ అవి పొట్టివి. అందుకని మంచి కాళ్ళు రెండింటినీ వాటి కొలతకే కోసేశాడు. మోకాలి ఎత్తు గుర్రం పిక్కల ఎత్తుకు దిగింది. నాన్న పీట మీద కూర్చుని దాని మీద పని చేసేవాడు. పక్కింటి పిన్ని "గుర్రం పిల్లను పెట్టిందా ఏమిటి?" అంటే మేం నవ్వాం. బావ నవ్వలేదు.

భోజనాల దగ్గర మాత్రం ఇప్పుడు ప్రశ్న లేదు. నాన్న తిని లేచిపోయేవాడు. అంతకుముందు ఆ ప్రశ్నకు వణికిన బావ ఇప్పుడు ముద్ద చేతిలో పట్టుకుని దాని కోసం ఎదురు చూసేవాడు.

బల్ల పూర్తయ్యాక నాన్న దాన్ని వరండాలోకి తోయించి, బావ ఉన్నవైపు తిరగకుండానే అన్నాడు. "దీనికి పాలిష్ పెట్టు. రంగు వద్దు. చెక్క ఏదో అదే కనబడాలి."

బావ ఆ బల్ల మీద గడిపినంత సేపు ఏ ఖరీదైన బీరువా మీదా గడిపి ఉండడు. గరుకు కాగితంతో రుద్దడం, తుడవడం, పల్చటి పూత, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. చివరికి చెక్కలోని చారలు నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. నాన్న వంగి చెంప ఆనించాడు. ఈసారి పైపైన కాదు, కళ్ళు మూసుకుని.

"ఇది నీ పని," అన్నాడు.

"అవునండీ."

మర్నాడు రాత్రి కంచాల దగ్గర నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజు ఏం చేశావు?"

"బీరువాకు పాలిష్ పెట్టాను మామయ్యా. బీరువా చేసింది వేరేవాళ్ళు."

"ఊఁ," అన్నాడు నాన్న. చివర అల్లుడూ అన్న పిలుపు తిరిగి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఎవరూ అడగని రెండో ముక్క బావ నోటికి అతుక్కున్నది మాత్రం ఆ రాత్రే.

చిత్రికను నాన్న మళ్ళీ ఇవ్వలేదు. వీధి చివరి వడ్రంగికి ఇచ్చేశాడు. "దాచకు, వాడు" అని మాత్రం చెప్పాడట. బస్టాపుకు దగ్గరిదారి ఆ కొట్టు ముందునుంచే. నాన్న పోయాక కూడా, మోకాళ్ళ నొప్పులొచ్చాక కూడా, బావ అటు వెళ్ళేవాడు కాదు. వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఒకసారి నేను తోడున్నాను. అంత దూరానికి కూడా గాలిలో చిత్రిక ఆడుతున్న చప్పుడు సన్నగా వచ్చింది. బావ ఆగి ఒక్క క్షణం విన్నాడు.

"పదును బాగుంది," అని, కర్ర ఊతంతో గబగబా ముందుకు నడిచాడు.